కాగితము మీద ‘పాజిటివ్’ అన్న మాట

మా ఇంటిలో జరిగిన ఒక సంగతిని మీతో చెప్పాలని చాలా కాలముగా అనుకుంటున్నాము. ఆడవారి శరీరానికి సంబంధించినది గనుక ఎలా వ్రాయాలో తెలియక ఇన్నాళ్ళు వెనుకాడాము. చివరకు మా ఇంటావిడే, “వ్రాయండి. నాలాగా తెలియక భయపడేవాళ్ళు ఎంతమంది ఉన్నారో” అన్నది. ఆమె ఒప్పుకోలుతోనే ఇది వ్రాస్తున్నాము.

2018వ సంవత్సరము జూన్ నెలలో ఆమె ఎడమ రొమ్ములో రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు గదా అని మూడు వారాలు ఊరుకున్నాము. తరువాత పట్టణములో పెద్ద ఆసుపత్రికి వెళ్తే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. వారము దినాలకు కాగితము చేతికి ఇచ్చారు. అందులో ఉన్న ఇంగ్లీషు మాటల్లో మాకు తెలిసిన మాట ఒక్కటే. ‘ఇ.ఆర్. పాజిటివ్, పి.ఆర్. పాజిటివ్’ అని ఉంది.

పాజిటివ్ అంటే మన పల్లెల్లో ఏమి అర్థమో మీకు చెప్పనక్కరలేదు. ఎయిడ్స్ దినాలనుండి ఆ మాట చెవిలో పడితే చాలు, గొంతు తగ్గించి మాట్లాడుకోవడము మనకు అలవాటు. బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఆమె ఆ కాగితాన్ని మడత పెడుతూ, “ఏమండీ, ఒకటి కాదు, రెండు పాజిటివ్‌లు వచ్చాయి” అన్నది. మా దగ్గర జవాబు లేదు. నలుగురికీ ఓదార్పు చెప్పే పనిలో ఉన్నవారము, ఆ మధ్యాహ్నము బస్సు వచ్చేవరకు ఒక్క మాట మాట్లాడలేకపోయాము.

ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్ జరిగింది. తరువాత సెలైన్‌లో మందు ఎక్కించారు, జుట్టు ఊడింది. తరువాత కరెంటు పెట్టారు. 2019 మార్చి నాటికి అన్నీ అయిపోయాయి. ఆఖరి దినమున డాక్టరుగారు ఒక చిన్న తెల్లబిళ్ళ వ్రాసిచ్చారు. పేరు టామాక్సిఫెన్, 20 మిల్లీగ్రాములు. “రోజుకొకటి, ఐదేళ్ళు వాడాలమ్మా. ఇ.ఆర్. పాజిటివ్ గదా, మీకు ఇది పనిచేస్తుంది. మంచిదే” అన్నారు. బయట నలభై మంది కూర్చుని ఉన్నారు. ఆ ‘మంచిదే’ అన్న మాట ఎందుకన్నారో అడిగే తీరిక ఆయనకూ లేదు, ధైర్యము మాకూ లేదు.

బిళ్ళ మొదలైన నెలకు ఆమెకు ఒంట్లో ఆవిర్లు రావడము మొదలైంది. కప్పుకున్న దుప్పటిని తన్నివేసేది. అర్ధరాత్రి లేచి వసారాలో కూర్చునేది. మజ్జిగ, బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, ఎవరు ఏది చెబితే అది చేశాము. తగ్గలేదు. కొన్నాళ్ళకు దానంతట అదే తగ్గినట్టు కనబడింది. మేము సంతోషించాము.

ఎందుకు తగ్గిందో 2019 డిసెంబరులో తెలిసింది. పండుగ బట్టల కోసము బీరువా సర్దుతుండగా చీరల వెనుక బిళ్ళల అట్టలు పది కనబడ్డాయి. ఒక్క బిళ్ళ తీయలేదు. సెప్టెంబరు నుండి ఆమె మింగడము లేదు. నెలనెలా మేము తెచ్చి ఇస్తున్నాము, ఆమె తీసుకుని దాస్తున్నది.

మాకు కోపము వచ్చిన మాట నిజము. ఆమె మాత్రము నిదానముగానే చెప్పింది. “ఆపరేషన్ అయింది. కరెంటు పెట్టారు. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది. ఇంక రోగము ఎక్కడుందని ఈ బిళ్ళ? ఒళ్ళంతా వేడి చేస్తున్నది. ఆడతనాన్ని చంపేసే మందట. పక్కింటి పిన్నిగారు కూడా అదే అన్నారు. విశ్వాసమున్నవాళ్ళు ఐదేళ్ళు బిళ్ళలు మింగుతారా అని సంఘములో ఒకామె అడిగింది. నేనేమని చెప్పను? నువ్వెందుకు మింగుతున్నావు అంటే నాకు తెలిస్తే గదా చెప్పడానికి!”

చదువరులారా, ఆ చివరి మాట మమ్మల్ని గుచ్చింది. ఎందుకంటే మాకూ తెలియదు. అంతేకాదు, పాత సంగతి ఒకటి అప్పుడు గుర్తుకు వచ్చింది. 2012లో మేము మరొక ఊరిలో పరిచర్య చేస్తున్నప్పుడు ఒక సహోదరి ఇదే రోగముతో ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. ఒక ఆదివారము సాయంత్రము, “అయ్యగారూ, ఒక బిళ్ళ ఇచ్చారు, ఒంట్లో ఆవిర్లుగా ఉంటున్నది, ఆపవచ్చునా?” అని అడిగింది. “ఆపరేషన్ అయిపోయింది గదా తల్లీ, ఇంకెందుకు, నీ ఇష్టము” అన్నాము. ఆమె ఆపివేసింది. మూడేళ్ళకు రోగము ఎముకల్లోకి వచ్చింది. ఆమె మన మధ్య లేదు. బిళ్ళ ఆపినందువల్లనే వచ్చిందని ఎవరూ గట్టిగా చెప్పలేరు. వాడినవారిలోనూ కొందరికి తిరగబెడుతుంది. కాని తెలియని సంగతిలో తెలిసినవానిలాగా నోరు తెరిచినది మేము. ఆ మాట వెనక్కి రాదు.

ఆ క్రిస్మస్ సెలవులకు మా అన్నయ్యగారి అమ్మాయి వచ్చింది. ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ చదువుతున్నది. సంగతి విని, “బాబాయ్, పిన్నిని తిట్టకండి. నేను చెబుతాను, ఇద్దరూ వినండి” అని పాత క్యాలెండరు కాగితము చింపి, వెనుకవైపు బొమ్మలు గీస్తూ కూర్చున్నది. ఆ రాత్రి విన్నదీ, తరువాత మేము చదివి తెలుసుకున్నదీ కలిపి మీకు చెబుతాము.

“పిన్నీ, నీ కాగితములో ఇ.ఆర్. అంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్” అని మొదలుపెట్టింది. ఈస్ట్రోజన్ అనేది ఒక హార్మోను. ఆడవారిలో ఎక్కువగా అండాశయాల్లో తయారవుతుంది. దానికి ముడిసరుకు ఏమిటో తెలుసా? గుండెకు చెడ్డదని మనము భయపడే కొలెస్టరాలే. ఈస్ట్రోజన్ రకాల్లో బలమైనది ఎస్ట్రడయోల్. ఇది రక్తములో ఎంత ఉంటుందంటే, పికోగ్రాముల్లో కొలుస్తారు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. ఒక మిల్లీలీటరు రక్తములో పదుల నుండి కొన్ని వందల పికోగ్రాములు మాత్రమే. ఆ కాస్తే ఆడపిల్లను పెద్దమనిషిని చేస్తుంది, నెలనెలా గర్భసంచి లోపలి పొరను పెంచుతుంది, ఎముకలను గట్టిగా ఉంచుతుంది.

ఇంత తక్కువ సరుకు అంత పని ఎలా చేస్తుంది? మేము అడిగిన మొదటి ప్రశ్న అదే.

“ఊరిలో దండోరా వేస్తారు గదా బాబాయ్” అన్నది మా అమ్మాయి. దండోరా అన్ని వీధుల్లో వినబడుతుంది. కాని కాలువకు నీళ్ళు వదులుతున్నారని చాటితే, ఆ కాలువ కింద మడి ఉన్నవాడే పార భుజాన వేసుకుని లేస్తాడు. మిగిలినవారు విని ఊరుకుంటారు. ఈస్ట్రోజన్ కూడా రక్తములో ఒళ్ళంతా తిరుగుతుంది. కొవ్వులో కరిగే గుణము ఉన్నది గనుక కణముల పైపొరను దాటి ఇంచుమించు ఏ కణములోకైనా దూరగలదు. అయినా అన్ని కణాలూ దాని మాట వినవు. దానిని పట్టుకునే రిసెప్టర్ ఏ కణములో ఉంటే ఆ కణమే లేస్తుంది. రొమ్ములో, గర్భసంచిలో, ఎముకలో, మెదడులో కొన్ని చోట్ల అలాంటి కణాలున్నాయి.

ఈ సంగతి కనిపెట్టినది అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఎల్‌వుడ్ జెన్సెన్. 1950ల చివరలో ఆయన, ఆయన తోటివారు ఎస్ట్రడయోల్‌కు ట్రిటియము అనే రేడియోధార్మిక గుర్తు తగిలించి ఎలుకలకు ఇచ్చి, అది ఎక్కడికి పోతున్నదో చూశారు. కండరములు మొదలైన చోట్ల అది నిలవలేదు, వచ్చినట్టే పోయింది. గర్భసంచిలో మాత్రము గంటల తరబడి నిలిచిపోయింది. పైగా ఏ మార్పూ చెందకుండా ఉన్నది ఉన్నట్టే ఉన్నది. ఎవరో దానిని పట్టుకుని కూర్చున్నారన్నమాట. ఆ పట్టుకునేదే రిసెప్టర్. అది ఒక ప్రోటీన్.

రిసెప్టర్ కణములో ఎక్కడుంటుంది? ఎక్కువగా కణము నడుమనున్న కేంద్రకములో ఉంటుంది. మన జన్యువులు దాదాపు అన్నీ, అంటే శరీరానికి కావలసిన పనుల పట్టీ దాదాపు అంతా, డి.ఎన్.ఏ. అనే పొడుగాటి పోగులో వ్రాసి ఉన్నదీ అక్కడే. ఈస్ట్రోజన్ రాకముందు ఈ రిసెప్టర్ ఇతర ప్రోటీన్ల కాపలాలో ఊరికే ఉంటుంది. తాళంకప్ప లాంటిదనుకోండి. ఈస్ట్రోజన్ అనే చెవి అందులో దూరగానే దాని ఆకారము మారుతుంది. కాపలా ఉన్న ప్రోటీన్లు తొలగిపోతాయి. అలా చెవి దూరిన రిసెప్టర్లు రెండు జతపడి, డి.ఎన్.ఏ. మీద తమకు గుర్తుగా ఉన్న చోటికి పోయి కూర్చుంటాయి.

ఆ గుర్తు ఎలా ఉంటుందో చెప్పినప్పుడు మాకు ఎంతో ఆశ్చర్యము కలిగింది. డి.ఎన్.ఏ. భాషలో నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. మనిషి కణములో సుమారు మూడు వందల కోట్ల అక్షరాల వ్రాత ఉంది. అందులో ఈ జంట వెదికే గుర్తు ‘జి.జి.టి.సి.ఎ.’, తరువాత ఏవైనా మూడు అక్షరాలు, తరువాత ‘టి.జి.ఎ.సి.సి.’ డి.ఎన్.ఏ.కు రెండు పేటలుంటాయి. ఎ కు ఎదురుగా టి, జి కి ఎదురుగా సి ఉంటుంది. ఒక పేటను ఇటునుండి, రెండవ పేటను అటునుండి చదివితే ఈ గుర్తు ఒకేలా వస్తుంది. “వికటకవి అన్నట్టన్నమాట” అన్నది మా ఇంటావిడ చటుక్కున. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. జంటలో ఒక రిసెప్టర్ ఇటు సగము మీద, రెండవది అటు సగము మీద కూర్చుంటుంది. అన్నిచోట్లా ఈ అక్షరాలు సరిగ్గా ఇలాగే ఉండవు, చిన్న చిన్న తేడాలుంటాయి. కాని మూల రూపము ఇదే.

కూర్చున్న తరువాత మరికొన్ని సహాయక ప్రోటీన్లు వచ్చి చేరుతాయి. అప్పుడు దగ్గరనున్న జన్యువు మేల్కొని నకలు తీయించుకుంటుంది. ఆ నకలును బట్టి కణము కొత్త ప్రోటీన్లను చేస్తుంది. కొన్ని గంటల్లో కణము నడవడి మారిపోతుంది. రొమ్ము కణానికి, గర్భసంచి కణానికి వచ్చే ముఖ్యమైన కబురు, ‘పెరుగు, రెండుగా చీలు’ అని. ఇది కాక కణము పైపొర దగ్గర నిమిషాల్లోనే జరిగే పనులు కూడా కొన్ని ఉన్నాయి గాని, మా కథకు కావలసినది ఈ కేంద్రకములోని పనే.

“మరి పి.ఆర్. అంటే?” అని అడిగాము. అది ప్రొజెస్టిరాన్ అనే మరొక హార్మోనుకు రిసెప్టర్. ఈస్ట్రోజన్ చేయించే ప్రోటీన్లలో అదొకటి. అది కనబడిందంటే కణములో ఈస్ట్రోజన్ తాళము నిజముగా పనిచేస్తున్నదని ఒక సాక్ష్యము. మా ఇంటావిడ కాగితము మీద రెండు పాజిటివ్‌లు ఉన్నందుకు కారణము ఇది.

ఇంతవరకు విని ఆమె, “అయితే నా గడ్డ నా ఈస్ట్రోజన్ తిని పెరిగిందా?” అని మెల్లగా అడిగింది. మా అమ్మాయి చేయి పట్టుకుని, “తినడము కాదు పిన్నీ, దాని మాట విని పెరిగింది. అందుకే ఆ మాట వినబడకుండా చేయవచ్చు” అన్నది.

ఈ ఉపాయము వెనుక ఆవుల కథ ఒకటి ఉంది. స్కాట్లాండులోని గ్లాస్గో నగరములో జార్జి బీట్సన్ అనే వైద్యుడుండేవాడు. కొన్ని దేశాల రైతులు ఈనిన ఆవు ఎక్కువ కాలము పాలివ్వాలని దాని అండాశయాలను తీసివేస్తారని ఆయన విన్నాడు. అంటే ఎక్కడో కడుపులో ఉన్న అండాశయానికీ, పొదుగుకూ సంబంధము ఉన్నదన్నమాట. హార్మోను అనే పేరు కూడా పుట్టని ఆ కాలములో, 1895లో, రోగము తిరగబెట్టిన 33 ఏళ్ళ స్త్రీకి ఆయన అండాశయాలు తీసివేశాడు. కొన్ని నెలల్లో ఆమె గడ్డలు కరిగిపోయాయి. 1896లో ఆయన దీనిని ప్రచురించాడు. ఇతరులు కూడా చేసి చూశారు. కాని సుమారు ముగ్గురిలో ఒకరికే గుణము కనబడింది. మిగతా ఇద్దరికి ఎందుకు కాలేదో అరవై ఏళ్ళకు పైగా ఎవరికీ తెలియలేదు. జెన్సెన్ కనిపెట్టిన రిసెప్టరే దానికి జవాబు. ఏ గడ్డలో ఆ తాళము ఉన్నదో ఆ గడ్డకే ఈ వైద్యము పనిచేస్తుంది. తాళము లేని గడ్డకు ఈస్ట్రోజన్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. 1970ల నుండి గడ్డలో రిసెప్టర్ ఉన్నదా లేదా అని పరీక్షించడము వాడుకలోకి వచ్చింది. ఆ పరీక్ష ఫలితమే మా చేతికి వచ్చిన ఆ కాగితము. మేము బస్టాండులో ఏ మాట చూసి ఏడ్చామో, వైద్యులు ఆ మాట చూసి ‘ఈమెకు మరొక దారి కూడా ఉన్నది’ అనుకున్నారు.

ఇక బిళ్ళ సంగతి. ఇంగ్లాండులో ఐ.సి.ఐ. అనే కంపెనీలో డోరా రిచర్డ్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు 1962లో దీనిని తయారుచేసింది. అప్పుడు వారు వెదుకుతున్నది గర్భము రాకుండా చేసే మందు. ఎలుకల్లో పనిచేసింది గాని ఆడవారిలో పనిచేయలేదు, అండము విడుదల కావడానికే తోడ్పడింది. దానిని పారవేయకుండా రొమ్ము క్యాన్సరులో వాడి చూశారు. 1973లో ఆ దేశములో దానికి అనుమతి దొరికింది. ఇప్పుడది ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అత్యవసర మందుల పట్టీలో ఉంది.

ఇది కణమును కాల్చదు, కోయదు. అది చేసే పని తాళంకప్పలో మరొక చెవిగా దూరడమే. మింగిన బిళ్ళ కాలేయములో ఇంకా గట్టిగా అంటుకునే రూపానికి మారి, రిసెప్టర్‌లో ఈస్ట్రోజన్ కూర్చునే చోటనే కూర్చుంటుంది. రిసెప్టర్‌కు మూత లాంటి ఒక భాగము ఉన్నది. ఈస్ట్రోజన్ కూర్చుంటే ఆ మూత దాని మీద సరిగ్గా పడుతుంది, సహాయక ప్రోటీన్లు వచ్చి చేరడానికి చోటు ఏర్పడుతుంది. టామాక్సిఫెన్‌కు ఒక పొడుగాటి చేయి ఉన్నది. అది అడ్డముగా నిలిచి మూతను పడనివ్వదు. సహాయకులకు చోటు ఉండదు. జన్యువు మేల్కోదు. శాస్త్రజ్ఞులు 1997, 1998 సంవత్సరాల్లో ఎక్స్‌రేలతో ఈ ఆకారాలను తీసి చూపించారు. చెవి దూరింది, తలుపు తెరుచుకోలేదు. ఆ చెవి అందులో ఉన్నంతసేపు అసలు చెవి దూరదు.

“రోగము ఎక్కడుందని బిళ్ళ?” అన్న ప్రశ్నకు జవాబు మేమే చెప్పుకోగలిగాము. రైతు బిడ్డలకు తుంగ సంగతి తెలుసు. మడిలో తుంగ అంతా పీకి శుభ్రము చేసినా మట్టి లోపల చిన్న గడ్డ మిగిలితే తడి తగిలినప్పుడు లేస్తుంది. ఆపరేషన్ పెద్ద గడ్డను తీసింది. కంటికి గాని, స్కానింగుకు గాని అందని కణాలు ఎక్కడైనా మిగిలి ఉండవచ్చు. వాటికి తడి తగలకుండా చేయడమే ఈ బిళ్ళ పని. అందుకే దానిని ఏళ్ళ తరబడి వాడాలి. 2011లో అనేక దేశాల పరిశోధనలను కలిపి లెక్క కట్టి ప్రచురించారు. రిసెప్టర్ ఉన్న రోగుల్లో ఐదేళ్ళు ఈ బిళ్ళ వాడినవారికి, వాడనివారితో పోలిస్తే, పదిహేనేళ్ళలో రొమ్ము క్యాన్సరు మరణాలు సుమారు మూడవ వంతు తగ్గాయి. బిళ్ళ ఆపిన తరువాత కూడా ఆ మేలు చాలా ఏళ్ళు నిలిచింది.

ఒంట్లో ఆవిర్లకు కూడా కారణము అక్కడే ఉంది. మన వంటి వేడిని సరిచూసే చోటు మెదడులో ఉన్నది. ఈస్ట్రోజన్ మాట దానికీ కావాలి. ఆ మాట తగ్గినప్పుడు కొంచెము వేడికే ఎంతో వేడి అయినట్టు అది కంగారుపడి, చర్మము కింద రక్తనాళాలను తెరిచి చెమట పోయిస్తుంది. బిళ్ళ వేడి చేయడము కాదది. నెలసరి ఆగిపోయే వయస్సులో మన తల్లులు అనుభవించినది కూడా ఇదే.

ఆడతనము పోతుందన్న భయానికి మా అమ్మాయి నవ్వి, “బాబాయ్, ఈస్ట్రోజన్ మీ ఒంట్లో కూడా ఉంది” అన్నది. మాకు సిగ్గు వేసింది గాని అది నిజము. 1994లో అమెరికా వైద్యులు ఒక 28 ఏళ్ళ పురుషుని గురించి ప్రచురించారు. అతనికి పుట్టుకతోనే ఈస్ట్రోజన్ రిసెప్టర్ పనిచేయదు. ఆ వయస్సుకు కూడా అతని ఎముకల చివర్లు మూసుకొనక ఇంకా ఎదుగుతూనే ఉన్నాడు. ఎత్తు 204 సెంటీమీటర్లు. ఎముకలు మాత్రము ముసలివారి ఎముకల్లాగా గుల్లబారి ఉన్నాయి. కాబట్టి ఇది ఆడవారి సంగతి అని మగవారు మొగము తిప్పుకోనక్కరలేదు.

అయితే ఈ బిళ్ళతో చిక్కులే లేవని మేము అనడము లేదు. ఒకే చెవి ఒక ఇంట్లో తలుపు తెరవకుండా, మరో ఇంట్లో కొంత తెరుస్తుంది. సహాయక ప్రోటీన్లు అన్ని కణాల్లో ఒకే పాళ్ళలో ఉండవు గనుక అలా జరుగుతుంది. రొమ్ములో ఈస్ట్రోజన్‌కు అడ్డుపడే ఈ మందే గర్భసంచిలో కొంతవరకు ఈస్ట్రోజన్ లాగా పనిచేస్తుంది. అందువల్ల కొద్దిమందికి, ముఖ్యముగా నెలసరి ఆగిపోయినవారికి, గర్భసంచి క్యాన్సరు రావచ్చు. రక్తము గడ్డకట్టే ప్రమాదము కూడా కొంత ఉన్నది. నెలసరి ఆగిన తరువాత రక్తము కనబడినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఆయాసము వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఈ బిళ్ళ వాడుతూ గర్భము ధరించకూడదు.

ఆ రాత్రి మా ఇంటావిడ ఏమీ అనలేదు. క్యాలెండరు కాగితము మడిచి తన దగ్గర పెట్టుకున్నది. జనవరి మొదటి వారములో ఆమే, “డాక్టరుగారి దగ్గరకు పోదాము. నాలుగు నెలలు మింగలేదని నేనే చెబుతాను” అన్నది. ఆయన కోపపడలేదు. “చెప్పినందుకు సంతోషము. చాలామంది చెప్పరు. మళ్ళీ మొదలుపెట్టమ్మా” అన్నారు. ఆవిర్లకు కొన్ని జాగ్రత్తలు చెప్పారు. తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. ఇప్పటికీ కొన్ని రాత్రులు ఆమె వసారాలో కూర్చుంటుంది. ఇప్పుడు మేమూ లేచి ఆమె పక్కన కూర్చుంటాము. వ్యత్యాసము అంతే.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ సమయములో అట్టలో ఆరు బిళ్ళలే మిగిలాయి. బస్సులు లేవు. మా ఆశా కార్యకర్త మండల కేంద్రములోని మందుల షాపుకు కబురు చేసి తెప్పించింది. ఒక పూట మరచిపోతే ప్రమాదము లేదు, ఆ మందు రక్తములో కొన్ని దినాలు నిలుస్తుంది. నెలల తరబడి మానడమే ప్రమాదము. 2024లో ఐదేళ్ళు నిండాయి. పదేళ్ళు వాడితే మేలు మరి కొంత ఎక్కువని 2012లో ప్రచురించిన పెద్ద పరిశోధన ఒకటి ఉన్నదట. డాక్టరుగారు ఆమె పరిస్థితిని చూసి కొనసాగించమన్నారు. ఆమెను చేర్చుకొని ఇప్పటివరకు క్షేమముగా ఉన్నాము.

విశ్వాసమున్నవారు బిళ్ళ మింగుతారా అని అడిగిన సహోదరికి మా ఇంటావిడ తానే జవాబు చెప్పింది. “ప్రార్థన మానలేదమ్మా, బిళ్ళా మానలేదు. రెండింటికీ ఒకదానితో ఒకదానికి గొడవ లేదు.”

చివరి సంగతి ఒకటి ఉంది. ఇది చెప్పకుండా వ్యాసము ముగిస్తే మోసము అవుతుంది. 2021లో మేము ఆ పాత ఊరికి వెళ్ళి, చనిపోయిన ఆ సహోదరి కుమార్తెను కలుసుకున్నాము. “అమ్మ బిళ్ళ ఆపవచ్చునా అని అడిగినప్పుడు ఆపవచ్చునన్నది మేమే తల్లీ. తెలియక అన్నాము. క్షమించు” అని చెప్పాము. ఆ అమ్మాయి చాలాసేపు తల వంచుకుని కూర్చున్నది. తరువాత, “అమ్మ అప్పటికే ఆపుదామనుకున్నది అయ్యగారూ. ఎవరో ఒకరు సరే అంటారని మీ దగ్గరకు వచ్చింది” అన్నది. ఆ మాట మాకు ఓదార్పో, ఇంకా పెద్ద బరువో ఇప్పటికీ తెలియదు. సరే అనకుండా ఉండవలసినవారము మేమే గదా.

లేచి వస్తుంటే ఆమె గుమ్మము దగ్గర ఆపి, “నేను కూడా ఒకసారి చూపించుకోవాలా అయ్యగారూ?” అని అడిగింది. ఈసారి మేము ‘నీ ఇష్టము’ అనలేదు. “తల్లికి వచ్చిందని డాక్టరుకు చెప్పి చూపించుకో తల్లీ. అమ్మగారు నీతో వస్తుంది” అన్నాము. ఇద్దరూ వెళ్ళి వచ్చారు. ఏమీ లేదని చెప్పారు.

కాబట్టి ప్రియ చదువరులారా, మీ ఇంటిలో ఎవరికైనా ఇలాంటి కాగితము వస్తే ‘ఇ.ఆర్.’ అన్న రెండు అక్షరాల పక్కన ఏమున్నదో చూడండి. పాజిటివ్ అని ఉంటే భయపడకండి. మందు దూరడానికి ఒక తాళము ఉన్నదని దాని అర్థము. నెగటివ్ అని ఉంటే ఈ బిళ్ళ పనిచేయదు, వేరే వైద్యము ఉంటుంది. ఎందుకు వాడుతున్నారో డాక్టరును అడగండి, బయట ఎంతమంది కూర్చుని ఉన్నా సరే. ఆపాలని అనిపిస్తే బీరువాలో దాచకండి, ఆయనకే చెప్పండి. మాలాంటి వారిని ఎవరైనా అడిగితే, తెలియనిదానికి తెలియదని చెప్పే ధైర్యము మాకు కూడా కలగాలని కోరండి.

ఆ క్యాలెండరు కాగితము ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఎవరైనా సహోదరి రిపోర్టు చేతిలో పట్టుకుని వస్తే, మా ఇంటావిడ ముందు మంచినీళ్ళిచ్చి, ఆ కాగితము పరిచి, “ఇదిగో, ఇది తాళంకప్ప” అని మొదలుపెడుతుంది.